ముత్యం కథ, నత్త నెత్తురు

నీతిశతకంలోని ఆ పద్యం మీలో చాలామంది బడిలో కంఠస్థం చేసే ఉంటారు. కాలిన ఇనుము మీద పడిన నీటిబొట్టు పేరైనా మిగలకుండా ఇగిరిపోతుంది. తామరాకు మీద అదే బొట్టు ముత్యంలా మెరుస్తుంది. ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది. భర్తృహరి చెప్పిన ఈ మాటను ఏనుగు లక్ష్మణకవి మన చెవికి అతికేలా తెనిగించాడు. ఆశ్రయాన్ని బట్టి గుణం వస్తుందని మా తెలుగు మాస్టారు తాత్పర్యం చెప్పారు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. ఇనుముకు వేడి ఉంది, ఆకుకు నునుపు ఉంది. మరి చిప్పలో కాపురముండే ఆ ప్రాణి ఏం చేస్తోంది? నోరు తెరుచుకుని స్వాతి చినుకు కోసం కూర్చోవడం తప్ప దానికి వేరే పని లేదా? ఈ ప్రశ్న అడిగినందుకు ఆ రోజు బెంచీ మీద నిలబడ్డాను.

చాలా ఏళ్ళ తరువాత ముత్యాల చరిత్ర చదువుతుంటే, ఐరోపా పండితులు కూడా ఈ ప్రశ్న దగ్గరే మూడు వందల ఏళ్ళు తచ్చాడారని తెలిసింది. చిప్పను ఒక పాత్రగా, గిన్నెగా చూసే అలవాటు మనవాళ్ళ ఒక్కరిదే కాదు. మంచుబిందువు వల్ల చిప్ప గర్భం దాలుస్తుందని రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. నత్తలు, ఆల్చిప్పలు, ముత్యపుచిప్పలు చేరిన మొలస్కా వర్గపు జీవులకు తమ శత్రువుతో తామే పోరాడే శక్తి ఉందని, ముత్యం ఆ పోరాటానికి దూరపు చుట్టమని మనిషికి అర్థమైన క్రమం ఒక చక్కని కథ. పొరపాట్లూ పేరాశా దండిగా ఉన్న కథ కూడా.

మొదటి అడుగు ఒక వైద్యుడిది. 1554లో ఫ్రెంచివాడు గియోమ్ రోండెలే, ముత్యమంటే జంతువుల ఒంట్లో రోగం వల్ల ఏర్పడే రాయి వంటిదేనని అన్నాడు. దేవతల కన్నీరు, ఆకాశపు చినుకు అనే ఊహల మధ్య ఇది ఎంత మోటు మాటగా వినిపించి ఉంటుందో! 1717లో రెయొమూర్ ముత్యపు పొరలను సూక్ష్మదర్శినిలో చూసి, చిప్ప లోపలి గోడకుండే మెరుపు పొరా ఇదీ ఒకే సరుకని గుర్తించాడు. అంటే ముత్యం పైనుంచి పడినది కాదు, చిప్ప తన ఇంటి గోడకు వాడే సున్నంతోనే కట్టినది. స్వీడన్‌లో లినేయస్ మరో మెట్టు ఎక్కాడు. మంచినీటి చిప్పకు సన్నని బెజ్జం వేసి, వెండి తీగకు గుచ్చిన చిన్న సున్నపుగుండును లోపల పెట్టి, గుండ్రని ముత్యాలు పండించాడు. 1760ల మొదట్లో ఆ రహస్యాన్ని ఒక వర్తకుడికి అమ్ముకున్నాడు కూడా. జీవజాతులన్నిటికీ రెండేసి పేర్లు పెట్టిన మహానుభావుడికి ముత్యాల వ్యాపారంలో కలిసివచ్చినట్టు లేదు. ఆ రహస్యం కాగితాల మధ్యే ఉండిపోయింది.

తరువాత పురుగు ప్రవేశించింది. 1852లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఫిలిప్పో డి ఫిలిప్పీ మంచినీటి చిప్పలను కోసి చూసి, ముత్యాల నడిమధ్యలో ఫ్లూక్ అనే చదునుపురుగు పిల్లల ఆనవాళ్ళు ఉన్నాయని ప్రకటించాడు. ఆ పరాన్నజీవి ఎక్కువగా ఉన్న చోట ముత్యాలూ ఎక్కువే, లేని చోట అరుదు. 1850ల చివర సింహళంలో కెలార్ట్ అనే వైద్యుడు మన్నారు చిప్పల్లోనూ పురుగులను చూసి అదే దారిలో ఆలోచించాడు. పని పూర్తి కాకముందే 1860లో ఓడ ప్రయాణంలో కన్నుమూశాడు. 1901లో రఫాయెల్ డ్యుబువా సముద్రపు మస్సెల్ చిప్పల్లో ఇదే సంగతి చూసి, ఎంత అందమైన ముత్యమైనా చివరకు ఒక పురుగుకు కట్టిన మెరిసే సమాధేనన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మరుసటి ఏడాది లిస్టర్ జేమ్సన్ ఆ పురుగు జీవితచక్రాన్ని వెతుక్కుంటూ పోయి, అది పెద్దదై గుడ్లు పెట్టేది చిప్పలను తినే ఒక నల్ల సముద్రపు బాతు పేగుల్లో అని తేల్చాడు. ముత్యాన్ని స్వాతి చినుకు నుంచి బాతు పేగుల దాకా దించారన్న మాట. కవులు నొచ్చుకుంటే నొచ్చుకున్నారు గాని, చిప్ప తొలిసారి ఒక పని చేస్తున్నట్టు కనిపించింది: లోపలికి వచ్చినవాడిని గోడ కట్టి బంధిస్తోంది.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ఊహ మీద డబ్బు పందెం కాశారు. మన్నారు సింధుశాఖలో సింహళం వైపున్న ముత్యపు తిప్పలు కొన్నేళ్ళు విరగకాసేవి, ఆపైన ఏళ్ళ తరబడి ఒట్టిపోయేవి. కారణం కనుక్కోమని వలస ప్రభుత్వం లివర్‌పూల్ ఆచార్యుడు హెర్డ్‌మన్‌ను పిలిపించింది. ఆయన 1902లో వచ్చాడు. సహాయకుడిగా జేమ్స్ హార్నెల్‌ను వెంటబెట్టుకొచ్చి, పని అప్పగించి వెళ్ళాడు. ఈ హార్నెలే తరువాత మద్రాసు మత్స్యశాఖకు అధిపతి అయ్యాడు. 1903 నుంచి 1906 దాకా రాయల్ సొసైటీ అయిదు సంపుటాలుగా అచ్చువేసిన వారి నివేదిక సముద్రజీవుల గురించి ఆనాటికి పెద్ద నిధి. మేలిరకం ముత్యాల నడుమ ఉన్నది ఒక బద్దెపురుగు పిల్ల అని వాళ్ళు నమ్మారు. చిప్పను చేప తింటుంది, ఆ చేపను టేకుచేప తింటుంది, టేకుచేప కడుపులో పురుగు పెద్దదవుతుంది. ఈ లెక్కన ముత్యాలు కోరుకునేవాడు టేకుచేపల యోగక్షేమాల కోసం కూడా మొక్కుకోవాలి.

1905 వేట కనీవినీ ఎరుగనిది. దాదాపు 5,000 మంది గజఈతగాళ్ళు, సుమారు 8 కోట్ల చిప్పలు. మన తీరపు తమిళులు, అరబ్బులు, అటు సింహళంవారు మరిచ్చుక్కట్టి ఇసుకలో తాత్కాలికంగా ఒక నగరమే కట్టుకున్నారు. చిప్పలను తెరవడానికి కత్తులు వాడేవారు కారు. కుప్పలు పోసి కుళ్ళనిచ్చి, ఈగల పురుగులు మాంసం తినేశాక కడిగి ముత్యాలు ఏరుకునేవారు. 1906 వేటలో అధికారిగా పనిచేసిన పాతికేళ్ళ కుర్రవాడు లెనార్డ్ వూల్ఫ్, వర్జీనియా వూల్ఫ్‌కు కాబోయే భర్త, ఆ దుర్గంధాన్ని జన్మలో మరచిపోలేదు. దాని మీద కథ కూడా రాశాడు. ఆ ఏడే లండన్‌లో పుట్టిన ఒక కంపెనీ ఈ తిప్పలను 20 ఏళ్ళకు కౌలుకు తీసుకుంది. 1907 తరువాత చిప్పలు రాలేదు. కంపెనీ మునిగిపోయింది. 1912లో జేమ్సన్ సింహళపు ముత్యాలను మళ్ళీ పరీక్షించి, బద్దెపురుగు సిద్ధాంతానికి ఆధారాలు చాలవని వాదించాడు. పురుగే ముత్యానికి కారణమని అంతకు పదేళ్ళ ముందు నిరూపించబోయినవాడే ఇలా అన్నాడని గమనించాలి. అతని మీద నాకు గౌరవం పెరిగిన చోటు అది.

అసలు కీలకం అప్పటికే జపాన్‌లో దొరికింది. 1893లో మికిమొతో చిప్ప గోడకు అంటుకున్న అర్ధముత్యాలు పండించాడు. 1907 ప్రాంతంలో నిషికావా, మిసే అనే ఇద్దరు విడివిడిగా పూర్ణముత్యం గుట్టు పట్టుకున్నారు. చిప్పకు లోపల, మెత్తని శరీరాన్ని శాలువాలా కప్పి ఉంచే పొరను ప్రావారం అంటారు. గోడకు మెరుపు పూసేది దాని బయటి కణాలే. ఆ ప్రావారపు చిన్న ముక్క ఒకటి, ఒక గుండ్రని పూస ఒకటి కలిపి మరో చిప్ప శరీరంలో నాటితే, ముక్కలోని కణాలు పూస చుట్టూ సంచిలా పెరిగి దాని మీద మెరుపు పూస్తూ పోతాయి. ప్రకృతిలోనూ అంతే. పురుగు తొలిచినా, పీత కొరికినా, ఆ గాయంలో కొన్ని పూత కణాలు తమ చోటు తప్పి లోపలికి జారిపోతే, పోయిన చోట కూడా తమ కులవృత్తి మానవు. ఇసుకరేణువు వల్ల ముత్యం పుడుతుందని ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. నేల మీద బతుకుతూ రోజంతా నీటిని వడపోసే ప్రాణికి ఇసుక కొత్త శత్రువేమీ కాదు; దాన్ని బంకతో చుట్టి బయటికి నెట్టడం దాని నిత్యకృత్యం. మన దేశంలో ఈ విద్య 1973లో తూత్తుకుడిలోని కేంద్ర పరిశోధనశాలలో అలగర్‌స్వామి చేతుల మీదుగా ఫలించింది.

కాబట్టి ముత్యం యుద్ధం కాదు, యుద్ధం జరిగిన చోట మిగిలిన కట్టడం. యుద్ధం చేసేది నెత్తురు.

నత్తకు, ఆల్చిప్పకు నెత్తురేమిటని నవ్వకండి. ఆల్చిప్ప నెత్తురుకు రంగు లేదు. చాలా నత్తలది రాగి కలిసిన నీలి నెత్తురు. చెరువుల్లో బిళ్ళలా చుట్టుకున్న నత్తలకైతే మనలాగే ఎర్రనిది. ఏ రంగైనా అందులో తిరిగే కణాలు ముఖ్యం. 1862లో ఎర్నెస్ట్ హెకెల్ తన గ్రంథంలో ఒక చిన్న సంగతి రాశాడు: టెథిస్ అనే సముద్రపు నత్తకు నీలిమందు రజను ఎక్కిస్తే, దాని రక్తకణాలు ఆ రేణువులను తమలోకి మింగేశాయి. మన కృష్ణా గోదావరి సీమల్లోనూ పండిన నీలిమందుకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని పండించిన రైతుకు తెలిసే అవకాశం లేదు. హెకెల్ చూశాడు గాని, కణం ఎందుకు మింగిందో అడగలేదు. ఆ ప్రశ్న 1882లో మెసీనా సముద్రతీరంలో మెచ్నికోఫ్ అడిగాడు. గాజులా పారదర్శకమైన నక్షత్రచేప పిల్ల ఒంట్లో గులాబీ ముల్లు గుచ్చి, తెల్లవారి లేచి చూస్తే దాని చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. మింగడం ఆ జీవికి తిండి మాత్రమే కాదు, రక్షణ కూడానని అతను గ్రహించాడు. భక్షక కణాల సిద్ధాంతం అలా పుట్టింది. 1908లో నోబెల్ బహుమతిని, రక్తద్రవంలోని పదార్థాలే రక్షణకు మూలమన్న పక్షానికి చెందిన ఎర్లిక్‌తో కలిపి ఇచ్చారు. కొట్లాడుకునే ఇద్దరికీ చెరి సగం పంచడం ఊరి పెద్దమనిషి తీర్పులా ఉంటుంది గాని, తరువాతి శాస్త్రం ఇద్దరి మాటా నిజమేనని తేల్చింది.

ఆల్చిప్పల దగ్గర ఈ కథను కొనసాగించినవాడు అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ స్టౌబర్. 1950లో ఆయన ఆల్చిప్ప గుండెలోకి ఇండియా ఇంకు ఎక్కించాడు. (పేరుకు ఇండియా ఇంకే గాని అసలు పుట్టిల్లు చైనా.) కొద్ది రోజుల్లో రక్తకణాలు ఇంకు రేణువులను మింగి, పేగు గోడల గుండా, చర్మం గుండా దూరి బయటికి వెళ్ళిపోయాయి. శత్రువును నోట కరచుకుని ఇంటి బయటికి దూకేసే కాపలాదారు! ఇంత మూగ విశ్వాసం ఎక్కడ చూస్తాం? దీనికి తోడు రక్తద్రవంలో సూక్ష్మజీవులను గుత్తులుగా అంటించే ప్రొటీన్లు, వాటి గోడలను కరిగించే ఎంజైములు ఉంటాయి. 1996లో మస్సెల్ చిప్ప నెత్తురు నుంచి బాక్టీరియాను చంపే చిన్న పెప్టైడులను విడదీశారు. మనకున్నట్టు లింఫోసైట్లు, ప్రతిదేహాలు వీటికి లేవు. పుట్టుకతో వచ్చిన ఈ ఆయుధాలే ఆస్తి. అందుకే చాలాకాలం వీటికి శత్రువును గుర్తుపెట్టుకునే తెలివి లేదని అనుకున్నారు.

ఆ అభిప్రాయం మారడానికి ఒక భయంకరమైన జబ్బు కారణమైంది. 1851లో కైరోలో తియొడోర్ బిల్‌హార్జ్ శవపరీక్షల్లో మనిషి రక్తనాళాల్లో జంటగా బతికే ఫ్లూక్‌ను కనుగొన్నాడు. దాని గుడ్లు 3,000 ఏళ్ళనాటి ఈజిప్టు మమ్మీల మూత్రపిండాల్లో కూడా ఉన్నాయని 1910లో రఫర్ చూపించాడు. మనిషి నుంచి నీటికి, నీటి నుంచి మళ్ళీ మనిషికి అది ఎలా వస్తోంది? లూస్ అనే పెద్ద పండితుడు, నడుమ మరో ప్రాణి అక్కర్లేదని మొండిగా వాదించాడు. 1913లో జపాన్ వైద్యులు మియాయిరి, సుజుకి అక్కడి పొలాల మురుగుకాలువల్లో ఒక చిన్న నత్తలో దాని పిల్లలను పట్టుకున్నారు. 1915లో లైపర్ ఈజిప్టు నత్తల్లో అదే నిరూపించాడు. గుడ్డు నుంచి వచ్చిన ఒక్క డింభకం నత్తలోకి దూరితే అది వేలకు వేలు పిల్లలుగా మారి నీటిలోకి వస్తుంది. నత్త తన సంతానాన్ని కూడా వదులుకుని ఆ పురుగుకు దాదిగా బతుకుతుంది. ఆ నీటిలో కాలు పెట్టినవాడి చర్మం గుండా పిల్లపురుగు దూరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఈ జబ్బుకు నివారణ మందు అవసరమైనవారు 25 కోట్లకు పైగా. వారిలో ఎక్కువమంది ఆఫ్రికా పల్లెల్లోని పేదలు.

మరి నత్తలన్నీ లొంగిపోతాయా? 1950ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త న్యూటన్ ఒకే జాతి బైయాంఫలేరియా నత్తలను ప్యూర్టోరికో నుంచీ బ్రెజిల్ నుంచీ తెచ్చి పక్కపక్కనే పెంచాడు. ఒకే పురుగు ప్యూర్టోరికో నత్తల్లో హాయిగా పెరిగింది. బ్రెజిల్ నత్తల్లో ఒకటి రెండు రోజుల్లోనే రక్తకణాలు చుట్టుముట్టి, పొరలు పొరలుగా కమ్మి చంపేశాయి. రెండు వంశాలనూ సంకరం చేసి, ఈ గుణం వంశపారంపర్యమని కూడా చూపించాడు. తరువాత ఆ కణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడు పురుగును చంపే విషాల్లో ముఖ్యమైనదని తేలింది.

పురుగు కూడా తక్కువది కాదు. 1970లలో లీ, హేనెమన్, రిచర్డ్స్ ఒక విచిత్రం చూశారు. ఎకైనోస్టోమ్ అనే వేరే జాతి ఫ్లూక్ ముందుగా సోకితే, బిల్‌హార్జియా పురుగుకు అంతకుముందు లొంగని నత్త కూడా లొంగిపోతుంది. ముందు వచ్చిన దొంగ కాపలాదారు కళ్ళకు గంతలు కట్టి, వెనక వచ్చే దొంగకు తలుపు తీసిపెట్టాడన్న మాట. అమెరికా తూర్పుతీరంలో ఆల్చిప్పలకు జరిగింది ఇంకా ఘోరం. 1950లో గుర్తించిన పెర్కిన్సస్ అనే సూక్ష్మజీవిని రక్తకణం విధిగా మింగుతుంది. అది మాత్రం చావకుండా ఆ కణంలోనే కాపురం పెట్టి, దాన్నే బండిగా చేసుకుని ఒళ్ళంతా తిరుగుతుంది. స్టౌబర్ ఇంకుతో చూసి మురిసిన ఆ చలనమే ఇక్కడ చావుకు దారి. అయినా 1915లో కెనడాలోని మాల్పెక్ ఖాతాలో చిప్పలు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, మిగిలిన కొద్దివాటి సంతానం ఆ జబ్బుకు తట్టుకుని క్రమంగా మళ్ళీ నిండింది. 1957లో డెలవేర్ ఖాతాలో మరో తెగులు విరుచుకుపడినప్పుడు హాస్కిన్ అనే శాస్త్రవేత్త అలాగే బతికినవాటిని ఏరి, తరతరాలుగా పెంచి గట్టి వంశాలను సాధించాడు. మన రైతు మంచి కంకులు చూసి విత్తనం దాచుకున్న పద్ధతే.

1997లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో అడెమా, లోకర్ బృందం నత్త నెత్తురులో ఒక కొత్త ప్రొటీన్ల కుటుంబాన్ని కనుగొంది. ఫ్రెప్ అని పేరు పెట్టారు. ఇవి పురుగు విడిచే పదార్థాలకు అతుక్కుంటాయి. 2004లో అదే బృందం చెప్పిన సంగతి ఆశ్చర్యకరమైనది: ఈ జన్యువులు ఒక్కో నత్త జీవితకాలంలోనే మార్పులు పొంది, ఏ రెండు నత్తల దగ్గరా ఒకే జాబితా ఉండకుండా వైవిధ్యం చూపిస్తాయట. మన ప్రతిదేహాల వైవిధ్యానికి ఇది సాటి అని నేననను. దారి వేరు, స్థాయి వేరు. అయితే 2012లో ఒక ఫ్రెప్ జన్యువును నొక్కిపెట్టినప్పుడు, లొంగని నత్తల్లో కొన్నిటికి పురుగు సోకింది. అంటే ఆ ప్రొటీను అలంకారానికి లేదు. 2016లో ఫ్రాన్సులోని పెర్పిన్యాఁ పరిశోధకులు మరో ముడి విప్పారు. ఒకసారి సోకిన పురుగే రెండోసారి వస్తే నత్త దాన్ని దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది. మొదటిసారి కణాలతో గోడ కట్టిన నత్త, రెండోసారి రక్తద్రవంలోని పదార్థాలతో పని కానిస్తుంది. గుర్తుపెట్టుకోలేదన్న ప్రాణి గుర్తుపెట్టుకోవడమే కాదు, ఆయుధం కూడా మార్చింది. మెచ్నికోఫ్, ఎర్లిక్‌ల తగవు ఒక్క నత్త ఒంట్లోనే రాజీ పడిందన్నా తప్పులేదు.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా, అమెరికాల గొడవ అని మీకు అనిపించవచ్చు. 1933లో మద్రాసు రాజధానిలో పశువైద్యుడు అనంతనారాయణరావు, ముక్కులో కాయలు పెరిగి గురకపెడుతూ చిక్కిపోయే పశువుల రోగానికి కారణం ఇదే కుటుంబపు ఫ్లూక్ అని కనుగొన్నాడు. దానికి దాది మన చెరువుల్లో, వరిచేల కాలువల్లో బిళ్ళలా చుట్టుకుని తిరిగే ఇండోప్లనార్బిస్ అనే నత్త. మా ఊరి చెరువు రేవులో గేదెలు కడిగే చోట రాళ్ళకు అంటుకుని ఉండేది. చిన్నప్పుడు కాలికింద చిదికితే ఎర్రగా కారేది. ఎవరి కాలో తెగిందని బెదిరి మడమ తిప్పి చూసుకునేవాళ్ళం. ఆ ఎరుపు దానిదే.